పతకం కింద నాలుగు వాక్యాలు

ఏటా రెండుసార్లు, గణతంత్ర దినోత్సవానికీ పంద్రాగస్టుకూ ముందు, కేంద్ర హోంశాఖ పోలీసు పతకాల జాబితా విడుదల చేస్తుంది. మర్నాడు జిల్లా పేజీలో చిన్న ఫొటో, పేరు, హోదా, ఎన్నేళ్ల సర్వీసు, ఎన్ని రివార్డులు. కార్వేటినగరంలో టీ తాగుతూ పేపరు తిరగేసే మనిషికి అంతకు మించి ఏమీ తెలియదు. ఆ అధికారి పాతికేళ్లలో ఏం చేశాడన్నది మాత్రం ఎక్కడా ఉండదు.

శౌర్య పతకానికి ఈ ఇబ్బంది లేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరిగిందో గెజిట్‌లో రాస్తారు. సేవా పతకాల దగ్గరే పేర్ల వరుస తప్ప వివరం కనిపించదు. 2024 గణతంత్ర దినోత్సవం నుంచి పోలీసు, అగ్నిమాపక, జైళ్ల వంటి శాఖలకిచ్చే 16 రకాల పతకాలను నాలుగుకు కుదించారు. ఆ సంస్కరణ కూడా ఈ వరుసను కదపలేదు. మన ఆంధ్రప్రదేశ్ ఉగాదికి ఇచ్చే మహోన్నత సేవ, ఉత్తమ సేవ, కఠిన సేవ పతకాలదీ అదే తీరు. కఠినమంటే ఎంత కఠినమో చదివేవాడే ఊహించుకోవాలి.

శౌర్యం ఎలా కంటికి కనపడుతుందో పుత్తూరు చెబుతుంది. కార్వేటినగరానికి ఆ ఊరు పక్కనే. చెయ్యో కాలో విరిగితే కట్టు కట్టించుకోవడానికి జనం పరుగెత్తే ఊరు. 2013 అక్టోబరు 5న ఆ ఊరి మేదర వీధిలో ఒక అద్దె ఇంటిని తమిళనాడు పోలీసులు చుట్టుముట్టారు. లోపల వాళ్లు వెతుకుతున్న నిందితులు పన్నా ఇస్మాయిల్, బిలాల్ మాలిక్ దాక్కుని ఉన్నారు. ముందుగా లోపలికి వెళ్లిన ఇన్‌స్పెక్టర్ లక్ష్మణన్ కత్తి దాడిలో తీవ్రంగా గాయపడ్డారు. మన ఉగ్రవాద నిరోధక దళం ఆక్టోపస్ బలగాలూ వచ్చాయి. గంటల తరబడి ఉత్కంఠ తర్వాత గానీ ఆ ఇద్దరూ లొంగలేదు. తలుపు తోసుకుని వెళ్లింది డీజీపీ కాదు, ఇన్‌స్పెక్టరు. ఇలాంటి సాహసాన్ని చెప్పడం తేలిక. ఒక్క పూటలో జరిగింది, ఊరంతా చూసింది. పై అధికారి పని ఇలా కంటికి కనపడదు. కాబట్టి రాసి చెప్పాల్సింది అతని గురించే.

కె.ఎస్.వ్యాస్ సంగతే చూడండి. 1974 బ్యాచ్ ఐపీఎస్. 1989లో నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌ను నిర్మించారు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్లు కాల్చి చంపారు. ఆయన పోయినా ఆ దళం నిలిచింది, ఇతర రాష్ట్రాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. చదలవాడ ఉమేశ్‌చంద్ర 1991 బ్యాచ్. కడప జనం పులి అని పిలుచుకున్న ఎస్పీ. 1999 సెప్టెంబరు 4న హైదరాబాద్ ఎస్సార్‌నగర్ కూడలిలో ఆయన్నీ నక్సలైట్లే కాల్చేశారు. అప్పటికి ఎనిమిదేళ్ల సర్వీసు. సేవా పతకం అడిగే ఏళ్లు కూడా నిండలేదు.

ఏళ్లు నిండడం తప్పని కాదు. దీర్ఘకాలం మచ్చ లేకుండా పనిచేయడం ఖాకీలో చిన్న విషయమేమీ కాదు. కానీ రెండేళ్లయినా కుదురుగా ఉండనివ్వకుండా బదిలీ చేసే చోట, ఏ పని ఎవరి ఖాతాలో వేయాలి? జిల్లా ఎస్పీకి, డీజీపీకి కనీసం రెండేళ్లు ఇవ్వాలని 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన ప్రకాశ్‌సింగ్ బీఎస్ఎఫ్‌కు అధిపతిగా చేసిన మాజీ పోలీసు. 1991లోనే పద్మశ్రీ అందుకున్నారు. ఈరోజు ఆయన పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది పద్మశ్రీ కాదు, కేసు.

వివరం రాయడంలో ఇంకో లాభమూ ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కొట్టడానికి వచ్చారంటూ పోలీసులు జరిపిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అంతా తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, కాదని హక్కుల సంఘాలన్నాయి. ఇలాంటి నేలపై పనిచేసిన ఏ అధికారికైనా పతకమిస్తే, ఏ పనికి ఇచ్చారో జనానికి తెలియాలి. నిజాయితీగా పనిచేసినవాడికి అదే రక్ష కూడా.

బహుమానం కన్నా పనే నిలుస్తుందనడానికి కార్వేటినగరమే సాక్షి. ఆ సంస్థానంలో సారంగపాణి పదాలు కట్టాడు. రాజు ఆయనకు ఏమేం బహూకరించాడన్నది ఇప్పుడెవరికీ పట్టదు. వేణుగోపాలుడిపై ఆయన కట్టిన పదాలను మాత్రం ఇంకా పాడుతున్నారు.

పోలీసు శాఖ ఇందుకోసం కొత్తగా రాయాల్సింది కూడా ఏమీ లేదు. సిఫారసు కింది నుంచి డీజీపీ కార్యాలయానికీ, అక్కణ్నుంచి ఢిల్లీకీ వెళ్లేటప్పుడే అధికారి ఏం చేశాడో కాగితం మీద ఉంటుంది. ఆ కాగితంలోంచి నాలుగు వాక్యాలు తీసి, వచ్చే ఉగాది జాబితాలో పేరు కింద అచ్చేస్తే సరి.