మంచము పట్టిన రోగులు - ఆసుపత్రి వ్రాతలు

మనుష్యుడు మంచము పట్టుట యొక విపత్తు. ఆ సంగతిని ఆసుపత్రి కాగితము చెప్పకపోవుట రెండవ విపత్తు. కాళ్లుచేతులు కదలింపలేక, తనంత తాను ఒత్తిగిలజాలక, అన్నము నోటికందించువారికై యెదురుచూచు రోగిని గూర్చి కేసుషీటులో పెక్కుమార్లు కనబడునది “జనరల్ వీక్‌నెస్” అను మాట యొక్కటే. ఏ వ్యాధివలన కదలిక పోయినది, ఎన్నినాళ్లైనది, ఏ యవయవమున నెంత బలము మిగిలినది, మరల వచ్చు నాశ కలదా యనునవి వ్రాయబడవు.

దీనిని గుమాస్తాపనిలోని చిన్న లోపమని త్రోసివేయ వీలులేదు. అట్టి రోగిని రెండేసి గంటలకొకమారు ప్రక్క మార్చనిచో పడకపుండ్లు పడును. పగటి నర్సు వ్రాయనిది రాత్రి వచ్చు నర్సునకెట్లు తెలియును? ఇల్లు చేరిన పిమ్మట మరియొక కష్టము. ఆంధ్రప్రదేశములో పక్షవాతాదులవలన మంచమునకో చక్రాలకుర్చీకో పరిమితులైన వారికి 2024 జూలై నుండి నెలకు 15,000 రూపాయల పింఛను ఏర్పడినది. 2025లో ప్రభుత్వము పునఃపరిశీలన జరిపించినది. అనర్హులను తొలగించుట న్యాయమే. కాని పరీక్షింపవచ్చిన వైద్యుడు రోగిని చూచునది కొలది నిమిషములు. అప్పుడు నిజమైన రోగికి సాక్ష్యము పూర్వపు ఆసుపత్రి వ్రాతయే కదా!

అధికముగ వ్రాయుటయు దోషమే. వెన్నుపామునకు దెబ్బ తగులకున్నను, తీవ్రవైకల్యముచేతనో క్షీణతచేతనో పూర్తిగ కదలలేని స్థితికి అమెరికా ఆసుపత్రుల లెక్కలలో ఆర్53.2 అను ప్రత్యేక సంకేతము కలదు. అది వ్రాసినచో ఆసుపత్రికి వచ్చు సొమ్ము పెరుగవచ్చును. అందుచే సొమ్ము చెల్లించువారు ఆధారములు చూపుమని నిలదీయుదురు. లాభాపేక్షచే వ్రాయుటయు, అశ్రద్ధచే మానుటయు రెండును అసత్యములే.

మన దేశమున 2002 నాటి వైద్యవృత్తి నియమావళి, ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులను 3 సంవత్సరములు భద్రపరుపవలెననియు, కోరినవారికి 72 గంటలలో నీయవలెననియు విధించుచున్నది. ఈ హక్కు నెరిగి యడుగువారు మిక్కిలి కొలదిమంది. అడిగి తెచ్చుకొన్నను ఆ కాగితము ఆంగ్లమున నుండును. రోగికిగాని, సేవచేయు నిల్లాలికిగాని అందొక ముక్క బోధపడదు. మన ఊరి ఆసుపత్రిలో, మన సొమ్ముతో నడచు ఆసుపత్రిలో, మన దేహమును గూర్చిన వ్రాత మనకే తెలియకుండుట స్వతంత్రదేశమునకు తగిన పద్ధతియా?

మేము కోరునది స్వల్పము. డిశ్చార్జి కాగితమున రోగి తానై చేయగలదేది, చేయలేనిదేది, అందులకు కారణమేది యను మూడు సంగతులను వైద్యుడు తెలుగున గూడ స్పష్టముగ వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసి కుటుంబమున కీయవలెను. వైద్యశాఖవారు ఇందులకు వెంటనే ఉత్తరువు చేయుదురుగాక. పాఠకులును తమ యింటి రోగి రికార్డును నేడే అడిగి పుచ్చుకొందురుగాక.