ఖోనోమా చూడబోయేవారికి

కేంద్ర పర్యాటక శాఖ ప్రచారంలో ఈశాన్య రాష్ట్రాల కొండపల్లెలకు ఇటీవల చోటు పెరిగింది. సంతోషించదగిన విషయమే. అనేక శాఖల పద్దులు చర్చకు నోచుకోకుండానే గిలెటిన్‌తో ఆమోదం పొందే సభ నుంచి ఇంతకు మించిన శ్రద్ధను ఆశించలేము. అయితే ఈ ప్రచారానికి జలపాతమూ పల్లే ఒక్కటే: రెండూ చూచి, ఫొటో తీసుకొని, వెనుదిరగవలసినవే. నాగాలాండ్‌లోని ఖోనోమాకు అలా వెళ్ళినవారికి అక్కడి అసలు విశేషం కంటబడదు.

కొహిమాకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న అంగామీ నాగాల గ్రామమిది. యాత్రికులలో అధికులు డిసెంబరు మొదటి పది రోజులలో కిసామాలో జరిగే హార్న్‌బిల్ ఉత్సవానికి వచ్చి, ఒక పూట ఇటు తొంగిచూస్తారు. అప్పటికి కోతలు ముగిసి మడులలో మోళ్ళు మాత్రమే మిగులుతాయి. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, గట్లు కట్టి, ఏటినీటిని కాలువలతో మడినుంచి మడికి దింపే నేర్పు చూడాలంటే వానకారు పైరు ఎదిగే రోజులలో వెళ్ళాలి. కొండచరియలు విరిగి రోడ్డు మూతపడే కాలమూ అదే కాబట్టి తీరిక ఉన్నవారికే అది సాధ్యం. తక్కినవారికి ఫిబ్రవరిలో వచ్చే సెక్రెన్యి పండుగ అనువైనది.

మడులకన్నా ముఖ్యంగా చూడవలసినవి పోడుచేలలోని ఆల్డర్ చెట్లు. పోడు అనగానే అడవికి నిప్పు పెట్టడమని మన అటవీ అధికారుల నిశ్చితాభిప్రాయం. ఖోనోమా రైతు చెట్టును మొదలంటా నరకడు. మనిషెత్తున మోడు మిగిల్చి, పైకొమ్మలను మాత్రమే కొట్టి, కర్రను వంటచెరకుకు వాడుకుంటాడు. ఆ చెట్టు వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. మన రైతుకు జనుము, జీలుగ చేసే మేలే అది. మోళ్ళ మధ్య మొక్కజొన్న, బంగాళాదుంప, మిరప, గుమ్మడి పండుతాయి. రెండేళ్ళు సాగుచేసి కొన్నేళ్ళు వదిలితే మోళ్ళు మళ్ళీ చిగిర్చి, నేల తేరుకుంటుంది. మామూలు పోడుకు ఇంతకంటె ఎంతో దీర్ఘమైన విరామం కావాలి. వ్యవసాయ శాస్త్రజ్ఞులు చాలాకాలం తరువాత అధ్యయనం చేసిన ఈ పద్ధతిని అక్కడివారు తాతముత్తాతల నుంచి నేర్చుకున్నారు.

గ్రామం నడిబొడ్డున ఉన్న రాతికోట చరిత్రను ప్రతి మార్గదర్శీ చెబుతాడు. 1879 అక్టోబరులో బ్రిటిష్ రాజకీయ ప్రతినిధి డామంట్ ఇక్కడే కాల్పులలో మరణించాడు. నెలల తరబడి పోరాటం సాగి 1880 మార్చిలో ముగిసింది. విజేతలు విధించిన శిక్షను గమనించాలి: ఖోనోమావారి మెట్ల మడులను జప్తు చేసి, వారిని ఇరుగుపొరుగు గ్రామాలకు చెదరగొట్టారు. ఈ గ్రామం ప్రాణం ఎక్కడుందో శత్రువుకు తెలుసు! నాగా స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఫిజో పుట్టింది కూడా ఇక్కడే. ఆయన మార్గంతో ఏకీభవించనివారు సైతం ఆ భూమి జ్ఞాపకాన్ని తెలుసుకొని తీరాలి.

వేట నాగాలకు వినోదం కాదు, ఆచారం. అయినా 1998లో గ్రామస్థులు తమ అడవిలో వేటను తామే నిషేధించి, అరుదైన ట్రాగోపాన్ అడవికోళ్ళకు అభయారణ్యం ఏర్పరచుకున్నారు. ఏ మంత్రిత్వ శాఖా ఉత్తర్వు పంపలేదు. 'హరిత గ్రామం' బిరుదు వచ్చింది ఏడేళ్ళ తరువాత, 2005లో. ఈ వరుసక్రమాన్ని ఢిల్లీ పథకకర్తలు తారుమారు చేస్తున్నారన్నదే నా అభ్యంతరం. ముందు బిరుదు, తరువాత విడిది గృహాలు, చివరికి గ్రామస్థులతో సంప్రదింపు - ఇదీ వారి పద్ధతి.

ఖోనోమా నిర్ణయం నిలవడానికి కారణం భూమి గ్రామం చేతిలో ఉండటమే. 1962 నాటి సవరణతో వచ్చిన 371-ఏ అధికరణం ప్రకారం, నాగాలాండ్‌లో భూమి, దాని వనరుల యాజమాన్యంపై పార్లమెంటు చేసే చట్టం అక్కడి శాసనసభ తీర్మానించనిదే వర్తించదు. మనకు 371-డి అంటే ఉద్యోగాలు, స్థానికత గుర్తుకు వస్తాయి. వారికి 371-ఏ అంటే కాళ్ళకింది నేల. మన మన్యంలోనూ 1/70 చట్టం ఉంది. 1997 నాటి సమత తీర్పూ ఉంది. అయినా అరకు దారిలో యాత్రికుల రద్దీ పెరిగేకొద్దీ గిరిజనుడు తన నేలమీద యజమానిగా మిగులుతాడా, బసగృహంలో వడ్డనకు కుదురుతాడా అన్న ప్రశ్న పెరుగుతూనే ఉంది. బినామీ పేర్లు మన ప్రాంతానికి కొత్తవేమీ కావు.

ఖోనోమాకు వెళ్ళేవారు ఇన్నర్ లైన్ పర్మిట్ ముందుగా తీసుకోవాలి. పెద్ద హోటలు వెదకక గ్రామస్థుల ఇంట బస చేయాలి. ఊరివాడినే వెంటబెట్టుకొని చేలగట్ల వెంట నడవాలి. ఇక పర్యాటక శాఖ విషయానికొస్తే, నాగాలాండ్ గ్రామ మండళ్ళకు 1978 నాటి రాష్ట్ర చట్టం గుర్తింపు ఇచ్చింది. మండలి తీర్మానం జతచేయనిదే ఆ గ్రామం పేర ఒక్క రూపాయి విడుదల కారాదని నిబంధన పెట్టడానికి పార్లమెంటు ముందుకు కొత్త బిల్లేదీ రానక్కరలేదు. శాఖాపరమైన ఉత్తర్వు చాలు.