చెప్పులు విడిచే వెళ్తాం, కాళ్లెవరూ చూడరు

మొన్న ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుడికి వెళ్లాం. ప్రదక్షిణ దారిలో కొబ్బరిపీచు పట్టా చిరిగి రాయి బయటపడ్డచోట అందరూ గెంతుతున్నారు. నేను మాత్రం తీరిగ్గా మూడు చుట్లు తిరిగాను. "మీకు కాలట్లేదా?" అంది మా ఆవిడ. ముప్ఫై ఏళ్లు బడిలో నిలబడ్డ కాళ్లివి అని గొప్పలు పోయాను. రాత్రి దుప్పటికి తడి అంటితే ఆవిడే చూసింది. కుడి బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత బొబ్బ, చితికిపోయి ఉంది.

నాకు షుగరు వచ్చి పదమూడేళ్లు. రెండేళ్ల కిందటి దాకా రాత్రయితే అరికాళ్లు కారం పూసినట్టు మండేవి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేక కాళ్లు బయటపెట్టి పడుకునేవాణ్ణి. తర్వాత ఆ మంట దానంతటదే పోయింది. రోగం తగ్గిందని సంబరపడి ఒక లడ్డూ కూడా తిన్నాను. నరం చచ్చుబడితే మంట కూడా పోతుందని ఎవరు చెప్పారు గనక!

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. కట్టు కట్టిన డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, గాలానికి కట్టే నైలాను తీగలాంటి దానితో అరికాలి మీద పది చోట్ల తాకించింది. పది గ్రాముల ఒత్తిడికి వంగే తీగ అది. నేను మూడుసార్లే "ఆఁ" అన్నాను. ఒంట్లో పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయట, అందుకే కాలివేళ్లతో మొదలవుతుంది. మోకాళ్ల దాకా పాకేసరికి చేతివేళ్ల వంతు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఈమధ్య ఎందుకంత సేపవుతోందో అప్పుడు అర్థమైంది. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 తగ్గి తిమ్మిర్లు రావచ్చని ఆ పరీక్ష కూడా రాసింది.

తీగతో కాళ్లు చూడటం రెండు నిమిషాల పని. పదమూడేళ్లలో ఒక్కరూ చెయ్యలేదు. మూణ్ణెల్లకోసారి గుమ్మం బయట చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో డాక్టరు ఎదుట కూర్చున్నాను. ఆయన చూసింది కాగితం మీది అంకె. నేను అడిగిందీ ఆ అంకే, కాబట్టి తప్పులో సగం నాది.

దేశంలో షుగరున్నవాళ్లు 10 కోట్ల పైనే అని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్కగట్టింది. ముప్ఫై దాటినవాళ్లకు బీపీ, షుగరు చూస్తున్న ప్రభుత్వ కేంద్రాల్లో ఆ తీగ ముక్క ఒకటి పెట్టి, ఏడాదికోసారి కాళ్లు చూడమంటే ఖజానా ఖాళీ అయిపోదు.

పెద్దల ముందు కాళ్లు చాపకూడదంటారు. షుగరున్నవాళ్లు డాక్టరు ముందు మాత్రం, ఆయన అడక్కపోయినా చాపండి.