లక్కీ డ్రా పెట్టెలో పడని టికెట్లు

2025 దసరాకు తెలంగాణ ఆర్టీసీ లక్కీ డ్రా కోసం బస్టాండ్లలో డ్రాప్ బాక్సులు పెట్టింది. సెప్టెంబర్ 27 నుంచి అక్టోబర్ 6 దాకా సెమీ డీలక్స్, డీలక్స్, సూపర్ లగ్జరీ, లహరి, ఏసీ బస్సుల్లో ప్రయాణించినవాళ్లు దిగాక టికెట్ వెనక పేరు, ఫోన్ నంబరు రాసి వాటిలో వేయాలంది. ఒక చేతిలో సంచి, చంకన పిల్లాడు, పెన్ను ఎవరినో అడిగి పుచ్చుకోవాలి. కండక్టర్ టికెట్ మిషన్ నుంచి వచ్చిన ఆ నున్నటి చీటీ మీద పది అంకెలు రాయాలంటే ఏ గోడకో ఆనించుకోక తప్పదు. డ్రా తీసి రీజియన్‌కు ముగ్గురిని ఎంపిక చేస్తామంది. మొదటి బహుమతి రూ.25 వేలు, రెండోది 15 వేలు, మూడోది 10 వేలు. 11 రీజియన్లలో కలిపి 33 మందికి రూ.5.50 లక్షలు.

ఇలాంటి డ్రాలు ఆర్టీసీకి కొత్త కాదు. 2023 రాఖీ పండక్కి 33 మంది మహిళలకు ఇంతే మొత్తం పంచింది. అదే ఏడాది దసరాకు 110 మందికి తలా రూ.9,900 ఇచ్చింది.

రాష్ట్రమంతా బస్సులు నడిపే సంస్థకు ఐదున్నర లక్షలు పెద్ద సొమ్ము కాదు. అది చూపించి దుబారా అని కేకలేయడం అన్యాయమే అవుతుంది. పండగ సీజన్‌లో ప్రైవేటు ట్రావెల్స్‌తో పోటీపడే ఆర్టీసీ ప్రయాణికుణ్ని తనవైపు తిప్పుకోవడానికి ఎంతో కొంత ఖర్చు పెట్టాల్సిందే. అభ్యంతరమల్లా ఆ కృతజ్ఞత ఎవరికి చేరుతోందన్న దగ్గరే.

డ్రా నిబంధనల్లో పల్లెవెలుగు లేదు, ఎక్స్‌ప్రెస్ లేదు, సిటీ ఆర్డినరీ లేదు. కూరగాయల గంపలతో తెల్లవారే బస్సెక్కేవాళ్లు, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు సంస్థకు రోజువారీ ప్రయాణికులు. పండక్కి ఒకసారి సూపర్ లగ్జరీలో వెళ్లేవారికి ఉన్న అవకాశం ఏడాది పొడవునా తిరిగే వీళ్లకు లేదు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఈ బస్సుల్లో మహిళలు జీరో టికెట్ మీద ఉచితంగా వెళ్తున్నారు. ఆ ప్రయాణాల ఛార్జీ ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సినదే కాబట్టి జీరో టికెట్ కూడా సంస్థకు ఆదాయమే. పోనీ వాళ్లను పక్కన పెట్టినా, అదే బస్సులో డబ్బిచ్చి టికెట్ కొన్న మగవాళ్ల సంగతేమిటి? వాళ్ల టికెట్‌కూ ఆ పెట్టెలో చోటు లేదు.

ఆ 2025 దసరాకే ఆర్టీసీ 7,754 ప్రత్యేక బస్సులు ప్రకటించింది. వాటిలో మామూలు ఛార్జీకి సగం అదనంగా వసూలు చేసింది. 2003 నాటి జీవో 16 అందుకు అనుమతిస్తుంది. జనాన్ని దింపిన బస్సు తిరుగు ప్రయాణంలో ఖాళీగా వస్తుంది, డీజిల్ ఖర్చయినా రావాలి కదా అన్నది సంస్థ వాదన. అందులో నిజముంది. కానీ నలుగురున్న కుటుంబానికి ఆ సగం అదనం ఎంత బరువో టికెట్ తీసుకున్నవాళ్లకే తెలుసు. డ్రా గడువు ముగిసిన అక్టోబర్ 6నే హైదరాబాద్ సిటీ బస్సుల్లో కొత్త ఛార్జీలు అమల్లోకి వచ్చాయి. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మొదటి మూడు స్టేజీలకు రూ.5, నాలుగో స్టేజీ నుంచి రూ.10 పెరిగాయి. విడతలవారీగా తెచ్చే 2,800 ఎలక్ట్రిక్ బస్సుల కోసం డిపోలు, ఛార్జింగ్ స్టేషన్లు కట్టడానికి రూ.392 కోట్లు కావాలన్నారు. అవసరం సరైనదే. అయితే రోజూ ఐదూ పది ఎక్కువ పెట్టి ఆ అవసరం తీరుస్తున్న సిటీ బస్సు ప్రయాణికుడు బహుమతి జాబితాలో ఎక్కడా లేడు.

ప్రజల సొమ్ముతో ప్రయాణికులకు బహుమతులు ఇవ్వడమే తప్పని ఎవరూ అనలేరు. సింగపూర్ 2012లో రద్దీకి ముందూ తర్వాతా రైలెక్కేవాళ్లకు పాయింట్లు, డ్రాలు పెట్టి చూసింది. మరుసటి ఏడాది నుంచి నగర కేంద్రంలోని కొన్ని స్టేషన్లలో ఉదయం 7:45 లోపు దిగేవారి దగ్గర డబ్బే తీసుకోలేదు. ఒక గంటలో కిక్కిరిసే జనంలో కొందరిని ముందు గంటకు జరపడం అక్కడి లక్ష్యం. ముంబయి లోకల్ రైళ్లలో టికెట్ లేని ప్రయాణాలు తగ్గించడానికి మధ్య రైల్వే 2025లో 'లక్కీ యాత్రి' పథకం ప్రకటించింది. బహుమతి దేనికోసమో ఆ రెండు చోట్లా స్పష్టంగా ఉంది. దసరా రోజుల్లో బస్సులు ఎలాగూ నిండుతాయి. మరి ఆ పది రోజుల్లో పెట్టిన డ్రాతో కొత్తగా ఎక్కినవాళ్లు ఎందరు?

మళ్లీ డ్రా పెట్టేముందు ఆర్టీసీ ఆ లెక్క జనం ముందు పెట్టాలి. పెట్టెల్లో ఎన్ని టికెట్లు పడ్డాయి, ఆ పది రోజుల్లో ఆక్యుపెన్సీ అంతకుముందు పండగ కంటే ఎంత పెరిగింది, ప్రచారానికి ఎంతైంది అన్నది చెప్పాలి. ఇది ప్రచార ఖర్చే అయితే ఆ పద్దు కింద చూపించాలి. ప్రయాణికులకు కృతజ్ఞత అయితే పల్లెవెలుగు టికెట్‌నూ జీరో టికెట్‌నూ పెట్టెలోకి రానివ్వాలి.

అంతకన్నా మంచి దారి సంస్థ చేతిలోనే ఉంది. పండగ రోజుల్లో హైదరాబాద్‌లోని ఉప్పల్, ఎల్బీనగర్, ఆరాంఘర్ లాంటి చోట్ల షామియానాలు, కుర్చీలు, తాగునీళ్లు ఏర్పాటు చేస్తామని ఆర్టీసీయే ప్రకటిస్తుంటుంది. పండగ వెళ్లాక కూడా అక్కడ జనం బస్సు కోసం నిలబడుతూనే ఉంటారు. డ్రా సొమ్ముతో ఆ మూడింటిలో ఒక్క చోటైనా ఆడవాళ్ల మరుగుదొడ్డిని ఏడాదంతా శుభ్రంగా తెరిచి ఉంచితే, అక్కడ బస్సు మారే మహిళలందరికీ అది పనికొస్తుంది.