జన్యు సవరణ చికిత్సలపై సికిల్ సెల్ బాధిత కుటుంబాల సర్వసభ్య సమావేశ తీర్మానం

బీటా గ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే సికిల్ సెల్ అనీమియాకు మూలమని, దానివల్లే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతోందని ఈ సమావేశం గుర్తిస్తోంది. 1949లోనే లైనస్ పాలింగ్ బృందం ఈ జబ్బు హిమోగ్లోబిన్ అణువులో ఉందని తేల్చినా, జన్యువును సవరించే చికిత్సకు అనుమతి రావడానికి డెబ్బై ఏళ్లు దాటిన సంగతిని నమోదు చేస్తోంది.

క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో రూపొందిన సికిల్ సెల్ చికిత్స క్యాస్‌జెవీకి 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇవ్వడాన్ని సమావేశం స్వాగతిస్తోంది. ఈ చికిత్స తప్పు అక్షరాన్ని దిద్దదు. పుట్టాక ఆగిపోయే గర్భస్థ శిశువు హిమోగ్లోబిన్‌ మళ్లీ తయారయ్యేలా రోగి మూలకణాలను మార్చి, తిరిగి ఎక్కిస్తుంది. అంతకుముందు మూలుగను ఖాళీ చేసే కీమోథెరపీ తప్పదు. సంతాన సామర్థ్యం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. ఈ మాట దాచి, ఒక్కసారి వైద్యంతో అంతా నయమని చెప్పే ప్రచారాన్ని సమావేశం ఆమోదించదు.

అమెరికాలో ఈ చికిత్స ధర 22 లక్షల డాలర్లు కావడం పట్ల సమావేశం విచారం వ్యక్తం చేస్తోంది. ఢిల్లీలోని జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ తక్కువ ఖర్చుతో అందించే లక్ష్యంతో రూపొందించిన బీర్సా 101 జన్యు చికిత్సను హర్షిస్తోంది. గిరిజన పోరాట యోధుడు బీర్సా ముండా పేరు పెట్టుకున్న వైద్యం గిరిజన గూడేనికి చేరకపోతే ఆ పేరు అలంకారమే అవుతుందని అభిప్రాయపడుతోంది.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించే లక్ష్యం పెట్టుకున్నదని సమావేశం గమనించింది. పరీక్ష చేసి, ఫలితం రాసిన కార్డు చేతిలో పెట్టి పంపితే సగం పనే. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హైడ్రాక్సీయూరియా మాత్రలు ఏడాది పొడవునా ఉండాలని, కొత్త చికిత్స వచ్చేదాకా ఈ పాత మందు విషయంలో రాజీ కుదరదని తీర్మానిస్తోంది.

మారిన జన్యువు ఒక్కటే ఉన్న క్యారియర్లు రోగులు కారని సమావేశం స్పష్టం చేస్తోంది. తల్లిదండ్రులిద్దరూ క్యారియర్లయితేనే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్క వివరించకుండా ఇచ్చే కార్డు పెళ్లి సంబంధాలు చెడగొట్టే కాగితంగా మారుతుంది. కౌన్సెలింగ్ కోయ, గోండి, సవర భాషల్లోనూ జరగాలి.

పరిశోధన కోసం రక్త నమూనా తీసుకునే ముందు ఇంటివారికి అర్థమయ్యే భాషలో అంగీకారం పొందాలని, ఫలితం తిరిగి వారికి తెలియజేయాలని, ఆ నమూనా వల్ల మందు తయారైతే అది ఆ ప్రాంతానికి ముందుగా అందాలని తీర్మానిస్తోంది.

పిండాల, బీజకణాల జన్యువులను మార్చే చికిత్సను 2019 జాతీయ మార్గదర్శకాలు నిషేధించడాన్ని సమావేశం సమర్థిస్తోంది. 2018లో చైనాలో హే జియాన్‌కుయి జన్యువులు మార్చిన పిండాల నుంచి కవలలను పుట్టించిన ఉదంతాన్ని ఖండిస్తోంది. అయితే జన్యు పరిశోధన మొత్తాన్నీ నిలిపివేయాలంటూ ఈ తీర్మానానికి ప్రతిపాదించిన సవరణ వీగిపోయింది.

ఈ తీర్మానం ప్రతులను రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య, గిరిజన సంక్షేమ శాఖలకు పంపాలని నిర్ణయించడమైనది.