‘వరల్డ్‌వైడ్’ అంటే ఎంత దూరం?



క్రిందటి నెల పాలకొండ వైపునుండి ఒక యౌవన సహోదరుడు మా ఇంటికి వచ్చాడు. తన ప్రార్థన మందిరానికి బోర్డు వ్రాయించాలని కాగితం మీద పేరు వ్రాసి తెచ్చాడు. చివర ‘వరల్డ్‌వైడ్ మినిస్ట్రీస్’ అని ఉంది. “అయ్యగారూ, ఇది ఒక మాటా, రెండు మాటలా?” అని అడిగాడు. ఒకటే మాట అని చెప్పాను. అర్థం మాత్రం అడగలేదు. అందుకే ఈ నెల దానిని గురించి వ్రాస్తున్నాను.

వరల్డ్ అంటే లోకం, వైడ్ అంటే వెడల్పు. ఇంగ్లీషువారు ఇదే పద్ధతిలో దేశమంతటికీ నేషన్‌వైడ్ అనీ, రాష్ట్రమంతటికీ స్టేట్‌వైడ్ అనీ అంటారు. ముందున్న మాట ఎంతో, కొలత అంత. ‘ఇంటర్నేషనల్’ వేరు. దేశాల మధ్య నడిచే చట్టాన్ని చెప్పడానికి జెరెమీ బెంథామ్ అనే ఇంగ్లీషు పండితుడు 1780లలో ఆ మాట కల్పించాడు. దానికి రెండు దేశాలుంటే చాలు. (మన టౌనులలోని ఇంటర్నేషనల్ స్కూళ్ళకు రెండు మండలాలుంటే చాలునేమో!) వరల్డ్‌వైడ్‌కు రెండు చాలవు.

లూకా సువార్త రెండవ అధ్యాయంలో ఔగుస్తు కైసరు సర్వలోకానికి జనసంఖ్య వ్రాయించమన్నాడని చదువుతాము. అక్కడి గ్రీకు మాట ‘ఒయికుమెనె’. మనుష్యులు కాపురముండే భూమి అని దాని అర్థం. అయితే కైసరు లోకం రోమా సామ్రాజ్యం ఉన్నంత మేరకే. మన వంశధార ఒడ్డువారిని ఎవరూ లెక్క వ్రాసుకోలేదు.

నిజంగా సముద్రాలు దాటినవారి పేర్లు చూడండి. 1805లో విశాఖపట్నం వచ్చిన మిషనరీల సొసైటీ పేరులో లండన్ అనే ఒక్క పట్టణమే ఉంది. 1860 మొదలు మద్రాసునుండి ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు కూలీలుగా పోయినవారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువారున్నారు. మన శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలోనిదే. అక్కడి తెలుగువారి కొరకు 1903లో జాన్ రంగయ్యగారు బయలుదేరి వెళ్ళారు. ఆయనను పంపినది తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సొసైటీ. హోం అంటే ఇల్లే గదా!

ఇక నా సంగతి. కొన్నేళ్ళ క్రితం నేనూ మా బోర్డు మీద ఈ మాటే వ్రాయించాను. మాకున్నవి నలభై కుటుంబాలు. ఒక సాయంత్రం ఒక ముసలమ్మ వచ్చి మెట్ల మీద కూర్చుంది. మనవడు బోర్డు చదివి ఆమెకు అర్థం చెప్పాడట.

“బాబూ, మా గుంటడు గల్ఫుల ఉన్నాడు. మూడు నెల్లయి పోను నేదు. నీ సంగం పెపంచమంతా ఉందంట గదా, అక్కడోళ్ళని ఒక పాలి ఆడిని సూసి రమ్మని సెప్పవా?”

అక్కడ మావాళ్ళు ఎవరూ లేరని చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. ఆమె కోపపడలేదు. “మరి అలాగెందుకు రాసినారు బాబూ?” అని మాత్రం అడిగింది.

మరునాడు ఉద్దానం వెళ్ళాను. అక్కడి ఊళ్ళలో గల్ఫుకు పోయినవారి ఇళ్ళు చాలా ఉన్నాయి. నాలుగు ఊళ్ళు తిరిగితే, ఆ కుర్రవాడున్న క్యాంపులోనే పనిచేసే ఒకాయన తండ్రి దొరికాడు. వారి ఫోనుల ద్వారా పన్నెండవ రోజున కబురు వచ్చింది. కుర్రవాడికి పనిలో కాలు విరిగింది. తల్లి బెంగపడుతుందని ఫోను చేయలేదట. ఆ వారమే పెయింటరును పిలిపించి బోర్డు మీద ఆ మాట చెరిపించాను.

ఇదంతా విన్న తరువాత ఆ సహోదరుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మరి ఏమి వ్రాయించమంటారు?” అన్నాడు. మీ ఊరి పేరు వ్రాయించమన్నాను. ఆలోచించి చెబుతానని వెళ్ళాడు.