మెగాపిక్సెళ్ళ మోజు

కెమెరా కొనదలచిన మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న: "ఎన్ని మెగాపిక్సెళ్ళు?" అసలు ఆ ప్రశ్నే తప్పంటాను. లెక్క చూడండి. అంగుళానికి 300 చుక్కల చొప్పున 8x10 అంగుళాల ఫోటోకు 72 లక్షల పిక్సెళ్ళు చాలు. 24 మెగాపిక్సెళ్ళుంటే 20 అంగుళాల పటమే కట్టించుకోవచ్చు. మన ఇళ్ళలో అంతకు మించిన పటం ఏ గోడకుంది? (పెళ్ళి బ్యానర్లంటారా, వాటిని చూసేది దూరం నుంచే.)

మా ముదిగుబ్బ మెట్టచేలలో వేసవి మధ్యాహ్నం నిలబడితే దూరపు గుట్టలు సెగకు వణుకుతూ కనిపిస్తాయి. 2019లో వచ్చిన 61 మెగాపిక్సెళ్ళ సోనీ కెమెరా అయినా ఆ వణుకునే మరింత వివరంగా చూపుతుంది. తెల్లవారుజామున ట్రైపాడ్ మీద నిలిపిన పాత కెమెరా దానికంటే నయం. ముఖాలకైతే 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు, వసారా నీడ చాలు. మిగిలిన డబ్బుతో ప్రింట్లు వేయించండి.

నేను వేయించలేదు. శెనక్కాయలు ఒలుస్తూ మా అవ్వ నవ్విన ఫోటోలన్నీ చెడిపోయిన హార్డ్ డిస్కులోనే పోయాయి. ఆమె కర్మనాడు దండ వేసింది, రేషన్ కార్డు కోసం తీయించిన స్టాంపు సైజు ఫోటోను పెద్దది చేయించి. అందులో అవ్వ నవ్వడం లేదు.